వచ్చే వారం మళ్ళీ వస్తావా?

కౌన్సెలింగ్ కోర్సు మొదటి రోజు క్లాసులో అందరూ తమ పేరూ, అక్కడికి ఎందుకొచ్చారో చెప్పాలి. వెర్నా స్టాలర్డ్ తన వంతు రాగానే లేచి నిలబడింది. అంతకు ముందు మాట్లాడినవాళ్ళెవరూ లేవలేదు.

"నా పేరు వెర్నా. కౌంటీ జైల్లో ఆడవాళ్ళ వైపు పాతికేళ్ళు ఆఫీసరుగా చేశాను. నా డ్యూటీలో ఒక్క ప్రాణం పోలేదు. ఇప్పుడు జైలు ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళ సంగతి నాకు తెలిసినంత ఇంకొకళ్ళకి తెలీదు. అదంతా ఊరికే పోవడం ఎందుకని వచ్చాను."

ఎదురుగా టోపీ ఉన్న ముతక స్వెటరు వేసుకున్న ఓ సన్నటి మనిషి నవ్వింది. ముప్పై అయిదు దాటి ఉండవు. పై పళ్ళ వరుస కొత్తది, పెట్టించుకున్నది.

"నా పేరు మిస్టీ రేమీ. నేనూ అదే జైలు నుంచి. కాకపోతే తలుపుకి అటు వైపు." వెర్నా వైపు గడ్డం చూపించింది. "ఈవిడ నా భోజనం పళ్ళెం కాలితో తోసేది."

"చేత్తో," అంది వెర్నా. "కాలితో ఎప్పుడూ తొయ్యలేదు."

"చూశారా, పళ్ళెం గుర్తుంది. మరి నేను గుర్తున్నానా ఆఫీసరమ్మా?"

వెర్నా ఆమె వైపు చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు.

"లేదు," అంది.

ఆ మాటతో గదిలో ఉన్న చల్లదనం ఇంకొంచెం పెరిగింది. అసలే అది చల్లటి గది. మా కాలేజీ సాయంత్రం క్లాసులు నడిచే భవనం ఒకప్పుడు సూపర్ బజారు. ఈ క్లాసు జరిగేది మాంసం కోసే గదిలో. గోడలకి రంగు వేశారు గానీ, నేల మధ్యలో రక్తం కడిగిన నీళ్ళు పోయే జాలీ అలాగే ఉంది. దాని చుట్టూ కుర్చీలు.

పక్కనున్న లావుపాటి మనిషి గొంతు సవరించుకున్నాడు. "నేను లానీ బ్లెడ్సో. బొగ్గు గనిలో నడుం పోయింది. నడుం నొప్పికిచ్చిన మాత్రల మత్తులో పెళ్ళాం పోయింది. ఇప్పుడు మాత్రలూ లేవు, పెళ్ళామూ లేదు, నడుం నొప్పి ఒక్కటే ఉంది. కాఫీ ఎక్కడ పెట్టారు?"

వర్జీనియా పడమటి మూలలో ఉన్న మా కౌంటీలో ఈ కోర్సులో చేరేవాళ్ళు మూడు రకాలు. మత్తు మాత్రలు మానేసినవాళ్ళు, ఆ మాత్రల వల్ల ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవాళ్ళు, చర్చి పంపినవాళ్ళు. వెర్నా ఈ మూడింటిలో దేనికీ చెందదు. ఆమె నాన్న గనిలో పనిచేశాడు. ఆమె స్కూలు అయ్యాక కుట్టు ఫ్యాక్టరీలో జీన్సు పాంట్లకి జేబులు కుట్టింది. ఫ్యాక్టరీ మెక్సికో వెళ్ళిపోయాక జైల్లో చేరింది. ఆ బెల్టు, ఆ తాళాల గుత్తి ఆమెకి బాగా నప్పాయి. ఊళ్ళో షాపుల్లో ఎదురుపడితే ఆడవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. అది గౌరవమని వెర్నా అనుకునేది.

జైలు ఎత్తేసిన రోజు ఆమెకి ఒక గోడ గడియారం ఇచ్చి పంపించారు. ఆరు నెలలు ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత కౌంటీ వాళ్ళు పాత ఎలిమెంటరీ స్కూల్ని ఆడవాళ్ళకి మత్తు మాన్పించే ఇల్లుగా మారుస్తున్నారని తెలిసింది. కోర్టు ఇక నుంచి ఆడవాళ్ళని జైలుకి బదులు అక్కడికి పంపుతుంది. దాని పెద్ద వెర్నాకి తెలిసినవాడే. "జూన్ నాటికి కౌన్సెలింగ్ సర్టిఫికెట్ తీసుకురా. ఉద్యోగం నీది. తేలేకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటాను, ఏమీ అనుకోకు," అన్నాడు. అందుకని యాభై నాలుగో ఏట వెర్నా మాంసం గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

క్లాసు చెప్పే జాయిస్ కిల్గోర్ ఒకప్పుడు ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో పనిచేసింది. సిగరెట్లు మానేశాక కమలాపళ్ళు మొదలుపెట్టింది. క్లాసు జరుగుతున్నంతసేపూ ఒళ్ళో పళ్ళ సంచి ఉంటుంది. విద్యార్థులు కౌన్సెలరుగా, క్లయింటుగా ఎదురెదురుగా కూర్చుని సాధన చేస్తుంటే, కౌన్సెలరు నోటి నుంచి సలహా గానీ, సంజాయిషీ గానీ వచ్చినప్పుడల్లా ఒక తొక్క ముక్క తుంచి వాళ్ళ ముందు బల్ల మీద పెడుతుంది. మాట్లాడదు.

"సలహాలు మీ అత్తగారింట్లో దొరుకుతాయి, చర్చిలో దొరుకుతాయి, పెట్రోలు బంకులో కాఫీ దగ్గర దొరుకుతాయి," అంది మొదటి రోజు. "మీ దగ్గరికి వచ్చేవాడు అవన్నీ తినేసి వస్తాడు. వాడికి కావలసింది వినే మనిషి. చివర్లో పరీక్ష కూడా అంతే. అరగంట. క్లయింటు నిజం బాధే చెప్పాలి. కానీ కాఫీ కప్పులో పట్టేంతది చెప్పాలి. చచ్చిపోయిన అమ్మల్ని, విడిపోయిన మొగుళ్ళని ఇక్కడికి తీసుకురావద్దు. అయ్యాక క్లయింటుని ఒక్కటే ప్రశ్న అడుగుతాను. వచ్చే వారం మళ్ళీ వస్తావా? వస్తానంటే పాసు. రానంటే కౌన్సెలరు వచ్చే ఏడాది మళ్ళీ ఇక్కడికొస్తుంది."

"స్నేహితులైతే ఊరికే వస్తానంటారుగా?" అన్నాడు లానీ.

"అనొచ్చు. కానీ అన్నవాడు నిజంగా రావాలి. మరుసటి వారం, క్లాసులు అయిపోయాక, సెలవుల్లో వచ్చి ఇంకో గంట కూర్చోవాలి. స్నేహం అంత గట్టిదైతే నాకేం అభ్యంతరం లేదు."

వెర్నా కోర్సు పుస్తకం మొత్తం చదివింది. ఎక్కడ ఏం అనాలో బట్టీ పట్టింది. ఇంట్లో మొగుడి మీద సాధన మొదలుపెట్టింది. హార్లన్ స్కూలు బస్సు నడుపుతాడు. రోజూ చిక్కుడు గింజల సూపూ, మొక్కజొన్న రొట్టె ముందు కూర్చుని వెనక సీట్లలో పిల్లలు చేసిన ఆగడాలు చెప్పడం అతనికి అలవాటు.

"నీకు చాలా చిరాగ్గా ఉన్నట్టు వినిపిస్తోంది," అంది వెర్నా.

"వినిపించడమేంటి? అరగంట నుంచి అరుస్తుంటే."

"అరిచి అరిచి అలిసిపోయినట్టున్నావు."

హార్లన్ చెంచా కింద పెట్టాడు. "వెర్నా, ఆ కాలేజీ భాష ఉంది చూడు, దాన్ని బురద బూట్లతో పాటు వరండాలో విప్పేసి లోపలికి రా."

క్లాసులో జాయిస్ వెర్నానీ, మిస్టీనీ, లానీనీ కావాలనే ఒక జట్టులో వేసింది. ఒకరు కౌన్సెలరు, ఒకరు క్లయింటు, ఒకరు గమనించేవాళ్ళు. మొదటిసారి లానీ క్లయింటుగా కూర్చున్నాడు.

"మా తమ్ముడు చెప్పకుండా నా ట్రక్కు తీసుకుపోతాడు. పెట్రోలు ఖాళీ చేసి తెచ్చి పెడతాడు. పోయిన వారమైతే వెనకాల జింకనేసుకొచ్చి, రక్తం కూడా కడగలేదు."

"చెప్పకుండా తీసుకెళ్ళడం నీకు అవమానంగా అనిపించింది," అంది వెర్నా. పుస్తకంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా.

"అవును, అవమానమే..." లానీ తల దించి తన చొక్కా చూసుకున్నాడు. పొట్ట మీద దులుపుకున్నాడు. "ఏమన్నా పడిందా?"

"ఏంటి?"

"ఏం లేదు. ఆఁ, ట్రక్కు. ఏముంది, తమ్ముడేగా. పోనీలే."

అయిదు నిమిషాల్లో మాటలు అయిపోయాయి. ఇంకోసారి జట్లు మార్చినప్పుడు, చర్చి పంపిన లొరీన్ అనే ఆవిడ క్లయింటుగా కూర్చుంది. కోడలి గురించి మొదలుపెట్టి, మధ్యలో కోటు జిప్పు మెడ దాకా లాక్కుని ఆగిపోయింది. వెర్నా ఎదుట ఎవరు కూర్చున్నా ఇంతే. ఒకడు టై సర్దుకుంటాడు, ఒకామె చేతులు కట్టుకుంటుంది. బాధ చెప్పడానికి వచ్చినవాళ్ళు వానలో చిక్కినట్టు ముడుచుకుపోతారు.

జాయిస్ ఆ సాధనలు వీడియో తీయించి అందరి ముందూ వేసింది. కెమెరా కౌన్సెలరు భుజం వెనక ఉంటుంది కాబట్టి తెర మీద క్లయింటు మొహమే కనిపిస్తుంది.

"మాటలన్నీ సరైనవే," అంది జాయిస్. "ఒక్క తొక్క కూడా పడలేదు. మరి ఎవరూ మాట్లాడరేం?"

"వాళ్ళకి చెప్పుకునేంత బాధల్లేవేమో," అంది వెర్నా.

"నాకా!" అన్నాడు లానీ. "అమ్మా వెర్నా, నాకున్న బాధలు పెట్టుకోడానికి గోడౌను కావాలి. నీ ముందు కూర్చుంటే మాత్రం వెనకాల పోలీసు బండి వస్తున్నట్టుంటుంది. తప్పు చెయ్యకపోయినా స్పీడు తగ్గిపోతుంది."

అందరూ నవ్వారు. వెర్నా మెడ ఎర్రబడింది. "నేనేం తప్పు చేశానో చెప్పండి. ఒక్కటి చెప్పండి. చెప్పలేరు. నేను జైల్లో చేశానని మీకు కడుపుమంట. అంతే."

మిస్టీ అందరిలాగా నవ్వలేదు. తెర వైపు చూస్తూ, ఏదో తెలిసినదానిలా, తనలో తాను నవ్వుకుంది. బయట సిగరెట్ల దగ్గర లానీ ఆమెని పట్టుకున్నాడు.

"నీకేదో తెలుసు."

"తెలుసు."

"చెప్పొచ్చుగా ఆవిడకి."

"నేనెందుకు చెప్పాలి? పాతికేళ్ళు తెలీకుండా బతికిందిగా. ఇంకొన్నాళ్ళు బతుకుతుంది."

"అది మంచి పని కాదు మిస్టీ."

"నేను మంచిదాన్నని ఎవరన్నారు? జడ్జిని అడుగు."

ఏప్రిల్ వచ్చింది. పరీక్షలకి ఎవరికి ఎవరు క్లయింటో జాయిస్ చీటీలు తీసింది. మిస్టీ పరీక్ష ముందే అయిపోయింది. ఆమెకి క్లయింటు లొరీన్. మిస్టీ ముందు తొక్కలు కుప్పపడ్డాయి. "మీ కోడల్ని నాలుగు దులపండి లొరీన్ గారూ, నా మాట వినండి" అని కూడా అంది. అయినా లొరీన్ ముక్కు చీదుకుంటూ, "వచ్చే వారం దాకా ఎందుకు, రేపు రానా?" అంది. వెర్నా అది చూసి పళ్ళు కొరుక్కుంది. పుస్తకం తెరవనిది పాసయింది.

వెర్నాకి వచ్చిన చీటీలో మిస్టీ పేరుంది.

వెర్నా నేరుగా జాయిస్ బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఇంకెవరినైనా ఇవ్వండి. ఆ మనిషి నన్ను ఫెయిలు చేయించాలని మొదటి రోజు నుంచీ కాచుకుని ఉంది. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి లేదు. ఇంట్లో ఆ గడియారం చూస్తూ కూర్చోవాలి."

జాయిస్ పండు వలుస్తోంది. "పాత స్కూల్లో తలుపు తీసుకుని వచ్చేది ఎవరనుకుంటున్నారు వెర్నా? లొరీన్‌లా?"

"అక్కడికి వచ్చేవాళ్ళకి నా మీద పగ ఉండదు."

"మీరు తాళం వేసినవాళ్ళే అక్కడికి వస్తారు," అంది జాయిస్. "చీటీ మార్చను."

పార్కింగులో మిస్టీ తన కారు బానెట్ ఎత్తి ఇంజన్లో నూనె పోస్తోంది. వెర్నా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నువ్వు రానంటావని నాకు తెలుసు. ఆ ముక్క ఇప్పుడే చెప్పెయ్. నేను పరీక్షకి రావడం మానేస్తాను. ఇద్దరికీ శ్రమ తప్పుతుంది."

మిస్టీ నూనె డబ్బా మూత బిగించింది. "అబ్బ, అంత తేలిగ్గా వదిలేస్తానా ఆఫీసరమ్మా? రావాలి. మీరు పిలిచినప్పుడల్లా నేను వచ్చానుగా. గోడకి తిరిగి నిలబడమంటే నిలబడ్డానుగా. మీరు కూడా ఒక్కసారి రండి."

బానెట్ చప్పుడయ్యేలా మూసింది.

పరీక్ష రోజున క్లాసంతా గోడల వెంబడి కూర్చున్నారు. జాలీకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. పక్కన చిన్న బల్ల, దాని మీద వంటింట్లో వాడే గంట గడియారం. జాయిస్ దాన్ని అరగంటకి తిప్పింది.

"ఈ రోజు ఏం మాట్లాడాలనుకుంటున్నారు?" అంది వెర్నా.

"నిద్ర పట్టదు," అంది మిస్టీ.

"నిద్ర పట్టకపోవడం ఇబ్బంది పెడుతోంది."

"మా పాప రాత్రిళ్ళు నీళ్ళకి లేస్తుంది. హాల్లో లైటు వేస్తుంది. ఆ వెలుతురు నా తలుపు కిందనుంచి వస్తుంది చూడండి, రాగానే నేను ఊపిరి బిగబట్టేస్తాను. కావాలని కాదు. దానంతటదే. పాప నీళ్ళు తాగి లైటు ఆర్పేదాకా తియ్యను. అప్పటికి గుండె దడదడలాడుతుంటుంది. ఇంక నిద్రెక్కడిది?"

జాయిస్ తలెత్తింది. "మిస్టీ, ఇది కప్పులో పట్టేదేనా?"

"పెద్ద కప్పు."

జాయిస్ ఒక క్షణం ఆలోచించి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.

"వెలుతురు చూస్తే ఏదో గుర్తొస్తోంది," అంది వెర్నా జాగ్రత్తగా.

"జైల్లో ఒక ఆఫీసరుండేది." మిస్టీ ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పింది. "రాత్రి డ్యూటీ. పదిహేను నిమిషాలకోసారి తలుపుకున్న అద్దంలోంచి టార్చి వేసేది. నేను మాత్రలు లేక వణికిపోతున్న రోజులు. ఏడిస్తే ఆవిడ ఆగేది కాదు. పేరు పెట్టి పిలిస్తే ఆగేది కాదు. ఒకసారి తలుపు మీద కొట్టాను, 'పడుకో' అని పోయింది. ఒక రోజు నాకు తెలిసింది. ఊపిరి బిగబడితే ఆగుతుంది. టార్చి అక్కడే ఉంటుంది. ఇంకాసేపు బిగబడితే తలుపు తడుతుంది. అందుకని రోజూ బిగబట్టేదాన్ని. మనిషి ఆగుతుందని."

గోడ వెంబడి కుర్చీలు కిర్రుమన్నాయి. లానీ నేల వైపు చూస్తున్నాడు.

"ఎవరూ పట్టించుకోలేదని నీకనిపించింది," అంది వెర్నా.

"అనిపించడం కాదు. పట్టించుకోలేదు."

"రాత్రి అంతమందినీ ఒక్కర్తే చూడాలి. ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగి మాట్లాడుతూ కూర్చుంటే అవతల గదిలో ఎవరో ఒకరు..."

జాయిస్ తొక్క ముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నా డ్యూటీలో ఒక్క ప్రాణం పోలేదు," అంది వెర్నా, తొక్కని చూస్తూ.

ఇంకో తొక్క.

మిస్టీ ముందుకి వంగింది. "ఆవిడ ఎవరి మొహమూ చూడదు. ఇప్పుడు కూడా చూడండి. ఆవిడ కళ్ళు ఎక్కడున్నాయో చూడండి. లానీ, నీ చొక్కా మీద ఏం పడలేదు. లొరీన్ గారూ, మీ కోటుకి ఏం కాలేదు. ఈవిడ మన రొమ్ము చూస్తోంది. పైకీ కిందకీ కదులుతోందా లేదా అని. అంతే. కదిలితే బతికున్నట్టు లెక్క, పక్క గదికి పోవచ్చు."

"అది అబద్ధం," అంది వెర్నా.

"అయితే ఇది చూడండి," అంది మిస్టీ. కుర్చీలో నిటారుగా కూర్చుని ఊపిరి ఆపేసింది.

గదిలో గంట గడియారం టిక్కుటిక్కుమంటోంది. మిస్టీ మొహం ఎర్రబడింది. ఎవరూ కదల్లేదు. కదిలింది వెర్నా ఒక్కతే. కుర్చీలోంచి సగం లేచింది. కుడి చెయ్యి నడుం దగ్గరికి పోయింది. ఒకప్పుడు తాళాలుండే చోట వేళ్ళు వెతుక్కున్నాయి. కళ్ళు మిస్టీ స్వెటరు మీదే.

"రేమీ!" అంది. అది క్లాసులో ఎప్పుడూ వినని గొంతు. "రేమీ, ఊపిరి తియ్యి!"

మిస్టీ తియ్యలేదు.

"చివరి గది," అంది వెర్నా. నిలబడే ఉంది. "మెట్ల పక్కనున్నది. కిందది."

మిస్టీ ఊపిరి వదిలింది. దగ్గింది. "గుర్తొచ్చానా?"

"గుర్తొచ్చావు."

"మొహం చూసి కాదు."

"కాదు," అంది వెర్నా.

మెల్లగా కూర్చుంది. నడుం దగ్గరున్న చేతిని రెండో చేత్తో పట్టి ఒళ్ళోకి తెచ్చుకుంది. ఆ తర్వాత అన్నది ఏ పుస్తకంలోనూ లేదు.

"నీకు ఆస్తమా ఉందనుకున్నాను. రోజూ అదే గదిలో, అదే వేళకి. డాక్టరుకి చెప్పాను. వాడు వినకపోతే పోట్లాడాను. నీకు ఇన్‌హేలరు పంపించాను."

మిస్టీ నోరు తెరుచుకుంది. "అది మీరు పంపించారా?"

"నేనే."

"అదెందుకిచ్చారో నాకు ఈ రోజు దాకా తెలీదు. పక్క గది దానికి ఇచ్చి కాఫీ పొడి తీసుకున్నాను."

లానీ ఆపుకోలేక నవ్వాడు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మిస్టీ అతని వైపు గుడ్లురిమి, వెర్నా వైపు తిరిగింది. ఇప్పుడామె నెమ్మదిగా, ఒక్కొక్క మాటా కొరికి వదిలినట్టు మాట్లాడింది.

"మాట్లాడమని ఊపిరి బిగబడితే ఇన్‌హేలరు పంపిస్తావా? తలుపు తట్టేదానివి కదా, తట్టి ఏమన్నా అన్నావా? 'ఏమైంది' అన్నావా? ఆ ఒక్క మాట అంత బరువా? నీకు నేను చావకపోతే చాలు. నీ డ్యూటీలో. అవతలివాళ్ళ డ్యూటీలో చచ్చినా నీకు ఫరవాలేదు."

వెర్నా నోరు తెరిచింది. బల్ల మీద తొక్కల్ని చూసి మూసుకుంది. చివరికి అంది: "అవును."

గంట గణగణ మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

జాయిస్ చేతిలో తొక్క ముక్క ఇంకా అలాగే ఉంది. దాన్ని పెట్టడం మర్చిపోయింది. "మిస్టీ," అంది. "వచ్చే వారం మళ్ళీ వస్తావా?"

మిస్టీ వెర్నాని చూసింది. వెర్నా కళ్ళు నేల మీది జాలీలో ఉన్నాయి. జూన్, పాత స్కూలు, గోడ గడియారం, అన్నీ ఈ ఒక్క జవాబు మీదే ఉన్నాయని గదిలో అందరికీ తెలుసు. మిస్టీకి అందరికంటే బాగా తెలుసు. ఆ సంగతి కొంచెంసేపు అనుభవించింది.

"వస్తాను," అంది.

"ఎందుకని అడగొచ్చా?"

"ఈవిడ గొప్పగా చేసిందని కాదు. దరిద్రంగా చేసింది. కానీ నేను అనాల్సింది ఇంకా సగం కూడా అవ్వలేదు. ఇన్‌హేలరు సంగతి అసలు మొదలే పెట్టలేదు. ఇప్పుడు వదిలేస్తే ఎవరితో చెప్పుకోవాలి?"

జాయిస్ లేచింది. ఒళ్ళో ఉన్న తొక్కలన్నీ దోసిట్లో పట్టుకుని వెర్నా ముందు పోసింది. "ఇవన్నీ మీవే. ఇంత చెత్త అరగంట నేను ఈ గదిలో చూళ్ళేదు. పాసయ్యారు."

పార్కింగులో వెర్నా కారు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మిస్టీ దగ్గరికి వచ్చింది.

"థాంక్స్," అంది.

"నోర్ముయ్," అంది మిస్టీ. "నీకోసం చెప్పలేదు." కారెక్కింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది.

ఆ వారమంతా వెర్నా ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు ప్రార్థన చేస్తుంటే తన కళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంది. పాస్టరు కోటు మూడో బొత్తాం మీదున్నాయి. ఇంటికొచ్చి సోఫాలో టీవీ చూస్తున్న హార్లన్ ఎదురుగా నిలబడింది.

"నువ్వు మాట్లాడుతుంటే నేను నీ మొహం చూస్తానా?"

"అడ్డం జరుగు, బంతి కనబడట్లేదు."

"చెప్పు హార్లన్."

హార్లన్ కాస్త ఆలోచించాడు. "పెళ్ళయిన కొత్తలో చూసేదానివి. ఇప్పుడు చూడ్డానికి ఏముందక్కడ? గడ్డం నెరిసింది." మెడ సాచి తెర వైపు చూశాడు. "నువ్వు చూడకపోతేనే నయంలే. చూసినప్పుడల్లా ఏదో ఒక వంక పెడతావు."

కాలేజీకి సెలవులిచ్చేశారు. మాంసం గదిలో రెండు కుర్చీలు తప్ప మిగతావన్నీ గోడకి చేర్చి పెట్టేశారు. వెర్నా ముందే వచ్చి కూర్చుంది. మిస్టీ రాకపోతే పరీక్ష చెల్లదని జాయిస్ ఫోన్ చేసి మరీ గుర్తుచేసింది. వెర్నా తలుపు వైపు చూడకుండా ఉండాలనుకుని, చూస్తూనే ఉంది.

మిస్టీ ఆలస్యంగా వచ్చింది. చేతిలో పెట్రోలు బంకు కాఫీ, ఒక్కటే, తనకి మాత్రమే. తలుపు కాలితో తోసి మూసింది. స్వెటరు విప్పి కుర్చీ మీద పడేసింది. లోపల వేసుకున్న టీ షర్టు మీద, సరిగ్గా రొమ్ము మధ్యలో, వెడల్పాటి తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. దాని మీద నల్ల మార్కరుతో ఒక బాణం గీసింది. బాణం పైకి చూపిస్తోంది.

వెర్నాకి నవ్వు రాలేదు. మిస్టీ నవ్వించడానికి గియ్యలేదు కూడా. వెర్నా బాణం చూసింది. అక్కడ్నుంచి పైకి, గడ్డం, కొత్త పళ్ళు, విరిగి అతుక్కున్న ముక్కు, ఆకుపచ్చ కళ్ళు. ఆ కళ్ళు ఆమెని నిలువునా కాల్చేలా ఉన్నాయి. వెర్నా చూపు ఒకసారి కిందకి జారింది, బాణానికి తగిలి మళ్ళీ పైకి వచ్చింది.

మిస్టీ కాఫీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"ఆ ఇన్‌హేలరు," అంది.